మారేడ్‌పల్లిలో ముప్పై శనివారాలు: అతి నిగ్రహం ఉన్నవారి తరగతిపై ఒక సమీక్ష

ఉద్యోగం వచ్చిందని మా అమ్మాయి ఫోన్ చేసిన రోజున నేను "మంచిదమ్మా, ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ తేదీ ఒకసారి సరిచూసుకో" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత "నాన్నా, నీకు సంతోషంగానే ఉందా?" అని అడిగింది. సంతోషంగానే ఉంది. ఫోన్ పెట్టేశాక ఆఫీసు మెట్ల మీద ఒక్కడినే నిలబడి కళ్ళు తుడుచుకున్నాను కూడా. కానీ ఆ సంగతి ఆమెకు తెలిసే దారి ఒక్కటి కూడా నేను ఉంచలేదు. రెండేళ్ళుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్న నేను ఈ ముచ్చటను మా డాక్టరుగారికి ఏదో మాటల సందర్భంలో చెప్పినప్పుడు ఆయన రాస్తున్న చీటీని పక్కన పెట్టి, సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో శనివారాలు జరిగే ఒక తరగతి గురించి చెప్పారు. ఆ ముప్పై వారాల తరగతి గత నెలతో ముగిసింది. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం నా అనుభవం రాస్తున్నాను. కేంద్రం పేరు మాత్రం రాయడం లేదు. బ్యాచ్‌లో ఉన్నది ఎనిమిది మందే కనుక పేరు రాస్తే ఎవరు ఎవరో ఊహించడం కష్టం కాదు. పైగా నేను చెప్పబోయేవాటిలో కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి.

ఆ చికిత్స పూర్తి పేరు రాడికల్లీ ఓపెన్ డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. అందరూ ఆర్‌ఓ డీబీటీ అంటారు. డీబీటీ అనగానే బ్యాంకు ఆడిటర్‌నైన నాకు ముందు గుర్తొచ్చింది నగదు బదిలీ. అసలు డీబీటీ అమెరికాలో మార్షా లైన్‌హాన్ రూపొందించిన చికిత్స. 1993లో దాని గ్రంథం వచ్చింది. భావాలు కట్టలు తెంచుకుని ప్రవహించేవారికి, తమకు తామే హాని చేసుకునే స్థితికి చేరేవారికి అది నిగ్రహం నేర్పుతుంది. థామస్ లించ్ అనే మనస్తత్వవేత్త దానిలో శిక్షణ పొంది పనిచేస్తూ, నిగ్రహం తక్కువై కాక ఎక్కువై బాధపడేవారు వేరే ఉన్నారని, వారికి ఇంకాస్త నిగ్రహం నేర్పడం వల్ల ఒరిగేదేమీ లేదని గుర్తించి, ఏళ్ళ తరబడి పనిచేసి 2018లో సిద్ధాంత గ్రంథాన్నీ, తరగతి పాఠాల పుస్తకాన్నీ విడివిడిగా వెలువరించాడు. దీర్ఘకాలపు డిప్రెషన్, తిండి మానేసే అనొరెక్సియా, ప్రతిదీ గీత గీసినట్టు ఉండాలనే వ్యక్తిత్వ సమస్య వంటివాటిని దృష్టిలో పెట్టుకుని చేసిన చికిత్స ఇది.

ఇందులో నన్ను మొదట ఆపి ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. ఇలాంటివారి అసలు బాధ భావాలను అదుపు చేసుకోలేకపోవడం కాదు, ఒంటరితనం అంటాడు లించ్. మనుషులు చుట్టూ ఉండరని కాదు. పెళ్ళిళ్ళకు వెళ్తాం, కానుకల కవరు మీద పేరు కూడా ముత్యాల్లా రాస్తాం. కానీ మన మొహం ఎదుటివారికి ఏమీ చెప్పదు కనుక వారు మన దగ్గర కుదురుగా కూర్చోలేరు. నిండు కుండ తొణకదని మెచ్చుకునే భాషలో పుట్టి పెరిగినవాడికి ఈ మాట మింగుడుపడడం అంత తేలిక కాదు. గుంభనంగా ఉంటాడన్నది మా ఇంట్లో మూడు తరాలుగా మగవాళ్ళకు ఇస్తూ వస్తున్న కితాబు.

గది గురించి చెప్పాలి. అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో పొడవాటి డైనింగ్ టేబులు లాంటి బల్ల, ఒక వైట్ బోర్డు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు. గ్రూపు థెరపీ అంటే గుండ్రంగా కూర్చుని ఒకరి తరువాత ఒకరు ఏడవడమని భయపడి వెళ్ళిన నాకు ఈ బల్లే మొదటి ఊరట. ఇది తరగతి అని, మీరు విద్యార్థులని, ఎవరి కథలూ ఎవరూ తవ్వరని వారు మొదటి రోజే చెప్పారు. ఏసీ కావాలనే చల్లగా పెడతారట. ఆందోళన లోపల దాచుకునేవారికి ఒంట్లో వేడి పుడుతుందని కారణం చెప్పారు. తరగతి రెండున్నర గంటలు, మధ్యలో పావుగంట విరామం. చాయ్ బాగుంటుంది, బిస్కెట్లు మెత్తబడి ఉంటాయి. కింద పార్కింగ్ లేదు. జేబీఎస్ మెట్రో స్టేషన్ నుంచి ఆటోలో రావడమే నయం.

మొదటి వారం ఇచ్చిన ఫైలులో పదకొండు అచ్చుతప్పులు లెక్కపెట్టి, విరామంలో ఇన్‌స్ట్రక్టరుగారికి మర్యాదగా చూపించాను. ఆమె నవ్వి, "మూడో పేజీ చదివారా?" అన్నారు. మూడో పేజీలో అతి నిగ్రహం ఉన్నవారి పుట్టు స్వభావం నాలుగు ముక్కల్లో ఉంది: ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడం, ఆనందానికి ఆలస్యంగా స్పందించడం, తనను తాను బిగపట్టుకోగల శక్తి మెండుగా ఉండడం, మొత్తం బొమ్మ కన్నా చిన్న చిన్న వివరాలను, అందునా తప్పులను, ముందుగా చూడడం. ఈ నాలుగోదానితోనే నేను ఇరవై రెండేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. ఈ చికిత్స నిగ్రహాన్ని జబ్బు అనదు. దానివల్లే ఆఫీసులు నడుస్తాయని, రైళ్ళు వేళకు వస్తాయని ఒప్పుకుంటుంది. ఎక్కడ అవసరం లేదో అక్కడ కూడా వదలలేకపోవడమే చిక్కు అంటుంది. ఇందులో రెండు తరహాలున్నాయి. ఒకరు అన్నిటికీ తల ఊపుతూ లోపల కుమిలేవారు. మరొకరు మొహాన్ని రాయి చేసుకుని, అవసరమైతే చల్లని మాటతో కోసేవారు. మొదటి తరహాకు మన భాషలో మొహమాటం అనే చక్కని మాట ఉంది. అది ఒక్కసారి వాడి ఉంటే సగం పాఠం ఇట్టే అర్థమయ్యేది. ఎవరూ వాడలేదు.

శరీరంతో మొదలుపెట్టడం ఈ తరగతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది. మనసు మారితే మొహం మారుతుందని కాకుండా, మొహం మార్చి చూడండి, మనసుకు కబురు అందుతుంది అంటారు. కుర్చీలో వెనక్కి వాలాలి, లోతుగా ఊపిరి తీసుకోవాలి, పళ్ళు కనపడకుండా పెదవులతో చిన్నగా నవ్వాలి, వీటికి తోడు కనుబొమలు ఒక్క క్షణం పైకెత్తాలి. దీన్ని 'బిగ్ త్రీ ప్లస్ వన్' అంటారు. స్నేహితుడిని చూడగానే ఎవరి కనుబొమలైనా తమకు తెలియకుండానే పైకి లేస్తాయి, నా బోటివారికి లేవవు, అందుకే పలకరించినా పలకరించినట్టు ఉండదు. ఇంట్లో అద్దం ముందు సాధన చేశాను. కుడి కనుబొమ ఎడమదాని కన్నా కాస్త ఆలస్యంగా లేస్తుందని యాభై ఏళ్ళకు తెలిసింది. వాచ్‌మన్ మీద ప్రయోగించాను. అతను కంగారుగా లేచి నిలబడి "ఏమైంది సార్?" అన్నాడు.

అతని తప్పేమీ లేదు. మన దగ్గర మాట లేకుండా కనుబొమలు ఎగరేస్తే 'ఏంటి సంగతి?' అని అడిగినట్టు. తరగతిలో మా పక్కన కూర్చునే ఒక టీచరుగారు ఇంకో అడుగు ముందుకు వేసి, సిటీ బస్సులో ఆడమనిషి ఎవరిని చూసి కనుబొమలు ఎగరేయగలదో చెప్పమని నిలదీశారు. దానికి వచ్చిన జవాబు తేలిపోయింది. మనవాళ్ళు తల పక్కకు వాల్చి, కళ్ళు సగం మూసి, 'ఊఁ' అంటూ ఇచ్చే భరోసా ఉంది చూడండి, ఆ పని అది చేస్తుంది. దాన్ని పాఠంలో చేర్చుకోవచ్చు కదా అని ఆ టీచరుగారే అన్నారు. ఇన్‌స్ట్రక్టర్లు ఆ సూచనను బోర్డు మీద రాసుకున్నారు కానీ తరువాతి వారం పాఠం మళ్ళీ పుస్తకంలో ఉన్నట్టే సాగింది.

ఇక ముందు చెప్పకుండా చేయించే పనులు. పాఠం మధ్యలో, అసూయ గురించో అవమానం గురించో గంభీరంగా రాసుకుంటూ ఉండగా, ఇన్‌స్ట్రక్టరుగారు హఠాత్తుగా లేచి "అందరూ లేవండి, నాలాగే చేయండి" అని కోతిలా చంకలు గోక్కోవడం మొదలుపెడతారు. అరనిమిషం. మళ్ళీ ఏమీ జరగనట్టు కూర్చుని పాఠం అందుకుంటారు. ఎలా చేశారని అడగరు, బాగా చేశారని అనరు. ముందుగా సిద్ధం కాకుండా నలుగురితో కలవడం అలవాటు కావాలని ఉద్దేశం. మొదటిసారి నేను లేచి నిలబడి చేతులు కట్టుకున్నాను. ఆరో వారానికి మోచేతులు కొంచెం కదిలాయి. తొమ్మిదో వారంలో రైలు ఆట ఆడించారు. మాటల్లో నన్నెప్పుడూ 'అయ్యా' అని తప్ప పిలవని ఒక రిటైర్డు ఇంజనీరుగారు నా భుజాల మీద చేతులు వేసి కూత వేస్తే, నాకు తెలియకుండానే నవ్వు వచ్చేసింది. నవ్వు ఆపుకోలేకపోవడం ఎలా ఉంటుందో మరచిపోయి చాలా కాలమైంది. ఈ ఒక్క అంశానికే నేను పూర్తి మార్కులు వేస్తాను.

మా ఆవిడ అప్పుడప్పుడు "మీ పక్కన కూర్చుంటే నాకు బీపీ పెరుగుతుందండీ" అంటుంది. నేను దాన్ని ఎత్తిపొడుపు అనుకునేవాడిని. 2003లో అమెరికా పరిశోధకులు పరిచయం లేని స్త్రీలను జతలుగా కూర్చోబెట్టి, మనసు కలచివేసే ఒక చిత్రం చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారని, జతలో ఒకరిని భావాలు పైకి కనపడకుండా ఉండమంటే ఎదురుగా కూర్చున్నవారి రక్తపోటు పెరిగిందని తరగతిలో చెప్పినప్పుడు నేను నోట్సు రాయడం ఆపేశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆవిడకు చెప్పాను. "నేను ముందే చెప్పానుగా" అని కుక్కర్ దించడానికి లోపలికి వెళ్ళింది.

భాష విషయంలో మాత్రం ఈ తరగతికి చాలా పని మిగిలి ఉంది. బోధన తెలుగు, ఇంగ్లీషు, కాస్త హిందీ కలగలిపి సాగుతుంది, దానికి అభ్యంతరం లేదు. కానీ నైపుణ్యాలన్నిటికీ ఇంగ్లీషు అక్షరాలతో కట్టిన పేర్లే. కొత్తవాటిని ప్రయత్నించడానికి 'ఫ్లెక్సిబుల్ మైండ్ వేరీస్', ఎదుటివారి విమర్శను వినడానికి 'ఫ్లెక్సిబుల్ మైండ్ అడాప్ట్స్', అసూయకు 'డేర్స్', క్షమించడానికి 'హార్ట్'. ఇంగ్లీషులో ఆ అక్షరాలు దశలను గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయేమో, మా ఇంజనీరుగారి వంటివారికి అవే అదనపు బరువు. ప్రతిరోజూ నింపాల్సిన డైరీ కార్డు కూడా ఇంగ్లీషులోనే. పుస్తకంలో తరచు వచ్చే 'ట్రైబ్' అనే మాటను తెలుగు చేయబోయి 'తెగ' అన్నప్పుడు గది అంతా నవ్వింది. నాకైతే 'నలుగురు' అనే మాట సరిగ్గా సరిపోతుందనిపించింది. నలుగురు ఏమనుకుంటారో అని భయపడేదీ ఆ నలుగురి గురించే, పోయినప్పుడు మోయడానికి కావలసిందీ ఆ నలుగురే. లించ్ చెప్పే చిక్కు అంతా ఈ రెండు వాడుకల మధ్యనే ఉంది.

'సెల్ఫ్ ఎంక్వైరీ' అనే సాధన దగ్గర ఇంకో గందరగోళం. దాన్ని 'ఆత్మ విచారణ' అని తర్జుమా చేశారు. రమణ మహర్షిని చదివినవారు తరగతిలో ఇద్దరున్నారు. వారు వెంటనే 'నేనెవడను' అనే దారిలోకి వెళ్ళిపోయారు. ఇక్కడ ఉద్దేశం అది కాదు. ఎవరైనా ఒక మాట అన్నప్పుడు ఒళ్ళు మండితే, ఆ మంటలో నేను నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అని కాగితం మీద తనను తాను ప్రశ్నించుకోవడం. ఐదు నిమిషాలకు మించకూడదు. వెంటనే తట్టిన జవాబును నమ్మకూడదు, జవాబు కన్నా ఇంకో మంచి ప్రశ్న దొరికితే మేలు. ఈ సాధనకు ప్రేరణ తొమ్మిదో శతాబ్దంలో నిషాపూర్ ప్రాంతంలో పుట్టిన మలామతీ సూఫీలదని లించ్ చెప్పుకున్నాడు. తమ మంచిని దాచుకుని, తమ లోపాలను తామే అనుమానంతో చూసుకుంటూ, లోకనిందకు జంకని దారి వారిది. నాంపల్లి యూసుఫైన్ దర్గా ముందు నుంచి నేను ఎన్నో ఏళ్ళు బస్సులో వెళ్ళాను. సూఫీల మాట నాకు ఇంగ్లీషు పుస్తకం గుండా, మారేడ్‌పల్లి ఏసీ గదిలో చేరడం కాస్త వింతగానే అనిపించింది.

ఇంటి పనిగా ఇచ్చినవాటిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టినది పెట్రోలు పుస్తకం. 2009 నుంచి స్కూటరుకు పోయించిన ప్రతి లీటరు పెట్రోలునూ, తేదీనీ, కిలోమీటరు రీడింగునూ రాసుకుంటూ వస్తున్నాను. అలవాటైన నియమాలలో ఎవరికీ నష్టం లేని ఒకదాన్ని ఒక్కసారి తప్పమన్నారు. తార్నాకలో పెట్రోలు పోయించుకుని రాయకుండా ఇంటికి వచ్చాను. రాత్రి పదకొండింటికి ఆ అంకె మనసులో తిరుగుతూనే ఉంది: 312 రూపాయలు. రాయకుండా ఉండడానికి పుస్తకం అమ్మాయి గదిలో పెట్టి తాళం వేయించాను. ఆ తరువాతి శనివారం ఈ సంగతి చెబితే ఇన్‌స్ట్రక్టరుగారు తాళం వేయించడం కూడా ఒక నియమమే కదా అన్నారు. కోపం వచ్చింది. తరువాత ఆ కోపం మీదే ఐదు నిమిషాలు రాశాను.

ఇరవయ్యో వారం తరువాత వచ్చే 'మ్యాచ్ ప్లస్ వన్' పాఠం చిన్నది, కానీ నా వరకు ఖరీదంతా దానిదే. ఎదుటివారు తమ గురించి ఎంత చెప్పారో మనం కూడా అంత చెప్పి, దాని మీద ఇంకొక్క మెట్టు ఎక్కాలి. అంతే. మా ఆఫీసులో పదేళ్ళుగా పక్క సీటులో ఉన్న సహోద్యోగి ఒక రోజు "మా నాన్నకి అస్సలు బాగుండట్లేదండీ" అన్నాడు. అలవాటు ప్రకారం 'మంచి డాక్టరుకు చూపించండి' అనాలి. ఆ రోజు "మా నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు సార్. పన్నెండో రోజు దాకా లెక్కలు రాస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ అది నన్ను వదల్లేదు" అన్నాను. అతను కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. మరుసటి రోజు నుంచి లంచ్ బాక్సు నా బల్ల మీదనే విప్పుతున్నాడు.

ఫలితం గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. ఈ చికిత్సపై బ్రిటన్‌లో 250 మంది మొండి డిప్రెషన్ రోగులతో జరిగిన రెఫ్రామెడ్ అనే పరీక్ష ఫలితాలు 2020లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చాయి. ఏడు నెలల దగ్గర, అంటే చికిత్స ముగిసిన వెంటనే, మామూలు వైద్యం పొందినవారితో పోలిస్తే డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామిల్టన్ కొలమానం మీద 5.4 పాయింట్ల మేలు కనిపించింది. కానీ ముందుగా ముఖ్యమని నిర్ణయించుకున్న పన్నెండు నెలల దగ్గర తేడా 2.15కు తగ్గి, గణాంకాల లెక్కలో నిలవలేదు. పైగా అక్కడ ఇచ్చినది తరగతులు మాత్రమే కాదు, 29 వ్యక్తిగత సెషన్లు, 27 తరగతులు కలిపి. మా కేంద్రంవారు వ్యక్తిగత సెషన్లను 'కావలసినవారికి' అని చెప్పి, తరగతి ఒక్కటే తీసుకున్నా చాలునన్నట్టు చేర్చుకున్నారు. ఇది నాకు నచ్చలేదు. నేను రెండూ తీసుకున్నాను. తరగతి మాత్రమే తీసుకున్న ఇద్దరు సగంలో మానేశారు. వారు మానేసిన తీరు కూడా మా జబ్బు తీరులోనే ఉంది: ఫిర్యాదు లేదు, గొడవ లేదు, ఒక శనివారం నుంచి రాలేదు. అలా మౌనంగా జారుకోవడం అతి నిగ్రహం ఉన్నవారి అలవాటని పుస్తకమే హెచ్చరిస్తున్నప్పుడు, వారికి ఒక ఫోన్ చేసి అడగవలసిన బాధ్యత కేంద్రానిదే.

తరగతికి వారానికి 1,500 చొప్పున ముప్పై వారాలకు 45,000 రూపాయలు, వ్యక్తిగత సెషన్ ఒక్కోటి 2,000. మానసిక అనారోగ్యానికి కూడా శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నా, ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే ఇలాంటి తరగతులకు నా పాలసీ పైసా ఇవ్వలేదు. చేరేముందు బోధించేవారికి ఈ పద్ధతిలో ప్రత్యేక శిక్షణ ఉందా, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు ఉందా అని అడగండి. మొహమాటపడకండి. కోపం, ఏడుపు, తొందరపాటు చేతుల్లో లేని మనిషికి ఇది సరిపోదు. వారికి పాత డీబీటీయే మేలు. ప్రాణాల మీదకు తెచ్చుకునే ఆలోచనలు వస్తున్నవారు ఏ తరగతి కోసమూ ఆగకుండా డాక్టరును కలవాలి, లేదా ఏ వేళనైనా ఉచితంగా పలికే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి. పైకి నిబ్బరంగా కనిపించేవారు ఈ విషయం ఎవరితోనూ అనరు కనుక ఇంట్లోవాళ్ళు కూడా ఆ నంబరు రాసిపెట్టుకోవడం మంచిది.

జ్వరం వల్ల నాకు రెండు పాఠాలు తప్పాయి. తప్పిన పాఠం మళ్ళీ చెప్పరు, తరువాతి బ్యాచ్‌లో ఆ వారం వచ్చేదాకా ఆగాలి. వాటిలో ఒకటి క్షమించడం గురించినది. అడిగితే, వచ్చి కూర్చోవచ్చునని, అదనంగా ఏమీ కట్టనక్కర్లేదని నోటిమాటగా చెప్పారు. ఆ మాటను రశీదు వెనక రాసి సంతకం చేసి ఇమ్మన్నాను. ఇన్‌స్ట్రక్టరుగారు నా మొహంలోకి చూస్తూ కనుబొమలు పైకెత్తారు. నేనూ ఎత్తాను. రశీదు మాత్రం తెచ్చుకున్నాను.